మున్సిఫ్ గారి అద్దె ఇల్లు

శుక్రవారం సాయంత్రాలు వెస్ట్ బేలో షెరటాన్ హోటలు పక్క పార్కులో కూర్చోవడం మాకు చాలా ఏళ్ళుగా అలవాటు. 1982లో ఆ హోటలు తెరిచినప్పుడు చుట్టుపక్కల ఇంకేమీ లేదనీ, సముద్రాన్ని పూడ్చిన నేల మీద అదొక్కటే పిరమిడ్ లాగా నిలబడి ఉండేదనీ పాతకాపులు చెబుతారు. ఇప్పుడు మెడ నొప్పి పుట్టేటన్ని మేడలు. ఆ మేడల నీడలో ఫ్లాస్కు టీ, పల్లీలు, ఊరి కబుర్లు. సభ్యులలో చాలామందికి మా బెంచీ తెలిసినదే.

మొన్న ఒక శుక్రవారం మా ఏలూరు మిత్రుడు ఫోనులో వార్త చదువుతూ చదువుతూ ఒక్కసారి భగ్గుమన్నాడు. "హైకోర్టు జడ్జీగారికి నెలకి రెండు లక్షల పాతిక వేలటండీ! రిటైరైతే ఏడాదికి పదమూడున్నర లక్షల పించనట! మా అన్నయ్య పొలం దావా పదిహేడో ఏట పడింది. దావా తేలకపోయినా జీతాలు మాత్రం తేలిపోతున్నాయి" అన్నాడు. అందరం నవ్వాము. ఆయన నవ్వలేదు. ఆ పొలం మీద ఆయన ఎంత డబ్బు పంపాడో మాకు తెలుసు.

అప్పుడు మేమేదో అడ్డు చెప్పబోయి, మాట కుదరక, పల్లీలు నములుతూ ఊరుకున్నాము. ఇంటికి వచ్చి పడుకున్నాక మా నాన్నగారు గుర్తుకొచ్చారు. ఆ రాత్రి తోచినదీ, ఆ తరువాత తిరగేసి చూసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాము. ఏలూరు మిత్రుడికి ఇదే మా జవాబు. ఆయన ఒప్పుకుంటాడనే ఆశ ఏమంత లేదు.

మా నాన్నగారు కృష్ణా డెల్టాలో ఒక తాలూకా ఊరి మున్సిఫ్ కోర్టులో బెంచి గుమాస్తా. 1974లో వేసవి సెలవులు అయిపోయే ముందు, కొత్త మున్సిఫ్ గారు బదిలీ మీద వస్తున్నారని కబురు వచ్చింది. ఆ కోర్టుకి జడ్జీగారి బంగళా అంటూ లేదు. ఎవరు వచ్చినా ఊళ్ళో అద్దె ఇల్లు చూసుకోవలసిందే. ఆ చూసిపెట్టే పని నాన్నగారి నెత్తిన పడింది.

ఇల్లు వెతకడం ఏమంత పని అనుకుంటాము. నాన్నగారు ఊళ్ళో ఖాళీగా ఉన్న ఇళ్ళన్నీ ఒక కాగితం మీద రాసుకున్నారు. రాసుకుని, ఒక ఆదివారం కోర్టుకు వెళ్ళి దావాల రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నారు. మాకప్పుడు పదేళ్ళు. క్యారేజీ పట్టుకుని వెంట వెళ్ళాము. మొదటి ఇల్లు బియ్యం మిల్లు యజమానిది. ఆయన మూడు దావాల్లో వాది, రెండింట్లో ప్రతివాది. రెండో ఇల్లు ఒక ప్లీడరుగారి బావమరిదిది. మూడోది వడ్డీ వ్యాపారిది; ఆయన ప్రామిసరీ నోట్ల దావాలు ఏటా డజనుకు తక్కువ ఉండవు. నాలుగోది దేవస్థానం సత్రంలో ఒక భాగం. ఆ ధర్మకర్తల తగువు అప్పటికే ఆ కోర్టులో నాలుగేళ్ళుగా నడుస్తోంది. ఐదోది ఎవరిదో తేల్చడానికే దావా పడి ఉంది. నాన్నగారు పెన్సిలు చెవిలో పెట్టుకుని, "ఊరంతా కోర్టులోనే ఉందిరా" అన్నారు.

మిల్లు యజమాని మాత్రం ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చాడు. "అద్దెదేముంది పంతులుగారూ! అంతటివారు మన ఇంట్లో కాలు పెట్టడమే మా భాగ్యం" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. కాఫీ తాగి వెళ్ళిపోయాడు. నాన్నగారు ఆ రాత్రి సరిగ్గా నిద్ర పోలేదు.

మున్సిఫ్ గారు వచ్చారు. రెండు ట్రంకు పెట్టెలు, నాలుగు చెక్కపెట్టెల నిండా లా రిపోర్టులు, భార్య, ఇద్దరు ఆడపిల్లలు. కొన్నాళ్ళు ట్రావెలర్స్ బంగళాలో ఉన్నారు. చివరికి కాలువ గట్టున ఒక విధవరాలి పెంకుటిల్లు దొరికింది. రెండు గదులు, వసారా, పెరట్లో నుయ్యి. ఆవిడ మీద దావా లేదు, ఆవిడ వేసిన దావా లేదు. అద్దె ప్రతి నెలా ఒకటో తారీఖున ఇచ్చి, రెవిన్యూ స్టాంపు మీద ఆవిడ వేలిముద్ర వేయించుకునేవారు. ఎవరికి కావాలండీ ఆ రసీదు, అని ఆవిడ నవ్వేదట. మున్సిఫ్ గారు నవ్వేవారు కారు.

ఆయన కోర్టుకు గొడుగు వేసుకుని నడిచి వెళ్ళేవారు. జిల్లా కోర్టుకు పని పడితే ఎర్ర బస్సు. ఆ బస్సులో పక్క సీటులో కూర్చున్నది రేపటి ప్రతివాదో, వాడి తమ్ముడో అయ్యేవాడు. ఒకసారి టిక్కెట్టు డబ్బులు ఎవరో ముందే ఇచ్చేశారని కండక్టరు చెబితే, దారిలో దిగి, తరువాత బస్సు కోసం గంటన్నర నిలబడ్డారట. నాన్నగారు ఈ సంగతి చాలాసార్లు చెప్పేవారు. గొప్పగా కాదు, కొంచెం విసుగ్గానే చెప్పేవారు. ఆ రోజు ఫైళ్ళ సంచీ మోసుకుని వెంట నిలబడింది ఆయనే మరి.

మాకు బాగా గుర్తున్నది మాత్రం కిరాణా కొట్టు. మున్సిఫ్ గారింట్లో నెలాఖరుకు చెయ్యి ఖాళీ అయ్యేది. అమ్మగారు పిల్లని పంపితే కొట్టులో ఖాతా పుస్తకంలో రాసుకుని సరుకు ఇచ్చేవారు. మా బాకీ ఉంటే ఆ షావుకారు ఊరుకునేవాడు కాడు. బజారులో పదిమంది ముందర పిలిచి అడిగేవాడు. మున్సిఫ్ గారిని మాత్రం ఎన్నడూ అడగలేదు. ఆయన భయమంతా అక్కడే ఉండేదని నాన్నగారు అనేవారు. అడిగే బాకీ కన్నా అడగని బాకీ బరువు. ఒక నెల ఆయన చేతి గడియారం కనబడలేదు. తరువాతి నెల మళ్ళీ కనబడింది. షావుకారు పద్దు మాత్రం ఆ నెలా చెల్లింది.

ఏలూరు మిత్రుడు అడిగినది జీతం ఎంత అని. ఎవరి చేతి మీదుగా వస్తుంది, ఎవరు ఆపగలరు అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న అని మాకు తోస్తుంది.

మన రాజ్యాంగం రాసినవారు పై కోర్టుల విషయంలో ఈ సంగతి బాగానే ఆలోచించారు. 1950లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి 5,000 రూపాయలు, తక్కిన జడ్జీలకు 4,000, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి 4,000, హైకోర్టు జడ్జీకి 3,500 అని రెండో షెడ్యూలులో అంకెలతో సహా రాసిపెట్టారు. ఈ డబ్బును చట్టసభలో ఓటుకు పెట్టరు. మాట్లాడుకోవచ్చు గాని, ఓటు వేసి కోయడానికి వీలు లేదు. సుప్రీంకోర్టు జడ్జీల జీతం, పించను కేంద్ర ఖజానా మీద పడుతుంది. హైకోర్టు జడ్జీల జీతం రాష్ట్ర ఖజానాది, పించను కేంద్రానిది. ఒకసారి నియామకం అయ్యాక ఆయన సెలవు హక్కులు గాని, పించను హక్కులు గాని ఆయనకు నష్టం కలిగేలా మార్చరాదు. ఆర్థిక అత్యవసర పరిస్థితి ప్రకటిస్తే మాత్రం జడ్జీల జీతాలు కూడా తగ్గించవచ్చునని 360వ అధికరణం చెబుతుంది. అది ఇంతవరకు ఎన్నడూ ప్రకటించలేదు.

ఇంత కట్టుదిట్టంగా రాసినవారు ఒక్క దొంగను మరిచిపోయారు. ధరలు. అంకె రాజ్యాంగంలోనే ఉంది కనక, దాన్ని పెంచాలన్నా రాజ్యాంగమే సవరించాలి. ముప్ఫై ఆరేళ్ళు ఎవరూ ఆ జోలికి పోలేదు. మన రాజమండ్రి కోకా సుబ్బారావుగారు 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయినప్పుడూ అదే 5,000. ఎమర్జెన్సీ వచ్చి పోయినా అదే 5,000. గవర్నమెంటు ఒక్క పైసా కోయలేదు, బజారే కోసుకుపోయింది. ఇందులో మనం ఒంటరివాళ్ళం కాము. ఇంగ్లండులో హైకోర్టు జడ్జీ జీతం 1832లో 5,000 పౌన్లు అని నిర్ణయించి, 1954 దాకా అలాగే ఉంచారు. విక్టోరియా రాణి పట్టాభిషేకానికి ముందటి జీతం, రెండు ప్రపంచ యుద్ధాల తరువాత కూడా!

1986లో 54వ సవరణతో మన అంకెలు 10,000, 9,000, 9,000, 8,000 అయ్యాయి. ఇకమీదట పార్లమెంటు మామూలు చట్టంతోనే మార్చుకోవచ్చునని కూడా ఆ సవరణే చెప్పింది. ఆ తరువాత 1998లో, 2009లో, 2018లో మార్చారు. ప్రతిసారీ వెనకటి తేదీ నుంచి, అంటే 1996, 2006, 2016 జనవరి ఒకటి నుంచి. ఈ తేదీలు ఎక్కడో విన్నట్టు లేదూ? కేంద్ర ఉద్యోగుల పే కమిషన్ల తేదీలే అవి. 2016 లెక్కలో హైకోర్టు జడ్జీకి 2,25,000. ఢిల్లీలో కేంద్ర గవర్నమెంటు సెక్రటరీకీ అంతే. సుప్రీంకోర్టు జడ్జీకి 2,50,000. కేబినెట్ సెక్రటరీకీ అంతే. ప్రధాన న్యాయమూర్తికి మాత్రం 2,80,000. అంటే జడ్జీల జీతానికి ప్రత్యేకంగా ఒక తూకం ఏమీ లేదు. సెక్రటేరియట్ త్రాసులోనే ఇటు తూచి, తరువాత చట్టం అనే కాగితంలో పొట్లం కడుతున్నారు. ఆ సెక్రటరీల శాఖల మీదే రేపు ఆ జడ్జీలు తీర్పు చెప్పాలి.

పార్లమెంటు సభ్యులు తమ సంగతి తాము చూసుకున్నారు లెండి. 2018 ఫైనాన్సు చట్టంలో తమ జీతం అయిదేళ్ళకోసారి ధరల సూచిని బట్టి తనంత తానే పెరిగే ఏర్పాటు చేసుకున్నారు. ఆ లెక్కన లక్ష రూపాయలు 2023 ఏప్రిల్ నుంచి 1,24,000 అయింది. అదే ఏర్పాటు జడ్జీలకు కూడా చేసి ఉంటే సరిపోయేదని మా అభిప్రాయం. అడగనక్కర లేకుండా వచ్చేది, ఆపడానికి ఎవరికీ వీలు లేనిది, పెద్దదైనా కాకపోయినా మంచి జీతం.

ఇదంతా పై కోర్టుల మాట. మా మున్సిఫ్ గారి మాట వేరు. ఆయన జీతం రాజ్యాంగంలో లేదు. రాష్ట్ర గవర్నమెంటు పే స్కేళ్ళలో, తహశీల్దార్లతో, ఇంజనీర్లతో పాటు ఒక వరస. దేశంలో దావా వేసినవాడు మొదట చూసే జడ్జీ ఆయనే. చాలామందికి చివర చూసే జడ్జీ కూడా ఆయనే. ఆయన సంగతి పట్టించుకోవడానికి 1991 రావలసి వచ్చింది. అఖిల భారత జడ్జీల సంఘం వేసిన కేసులో ఆ ఏడు నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కింది కోర్టు జడ్జీలకు 60 ఏళ్ళ దాకా ఉద్యోగం, ఉండడానికి గవర్నమెంటు ఇల్లు, ఇంట్లో చిన్న లైబ్రరీ, తిరగడానికి వాహనం ఏర్పాటు చేయాలంది. ఇల్లు, వాహనం అని చదివినప్పుడు మాకు నాన్నగారి కాగితమూ, ఎర్ర బస్సూ కళ్ళ ముందు కదిలాయి. ఢిల్లీలో అంతటి పెద్దలు రాసిన తీర్పులో మా ఊరి కిరాణా కొట్టు కనబడింది.

గవర్నమెంట్లు ఊరుకోలేదు. తీర్పును మళ్ళీ చూడమని వెళ్ళాయి. 1993 ఆగస్టులో కోర్టు ఇంకొంచెం గట్టిగానే చెప్పింది: జడ్జీలు మిగతా ఉద్యోగుల వంటివారు కారు, శాసనసభ, మంత్రివర్గం ఎలాగో వీరూ అలాగే రాజ్యాధికారంలో ఒక భాగం చెలాయించేవారు, పోల్చితే వారితో పోల్చాలి గాని ఆఫీసర్లతో కాదు. ఆ తరువాత 1996లో జస్టిస్ జగన్నాథ శెట్టిగారి కమిషన్, 2002లో దాని మీద తీర్పు. మళ్ళీ 2009లో పద్మనాభన్ కమిటీ. 2017లో రెండో కమిషన్, దానికి అధ్యక్షులు మన జస్టిస్ పి. వెంకటరామిరెడ్డిగారు. 2020లో ఆయన ఇచ్చిన రిపోర్టులోని జీతాల పెంపును 2022 జూలై 27న ఆమోదించిన బెంచికి పెద్ద మన పొన్నవరం ఎన్.వి. రమణగారు. ఇద్దరూ తెలుగువాళ్ళే అని మా బెంచీ మీద ఒక నిముషం మురిసిపోయాము. ఈ మూడు అంచెల్లో చిన్న జడ్జీ మొదటి జీతం 9,000 నుంచి 27,700కీ, అక్కణ్ణుంచి 77,840కీ వచ్చింది.

ఇక్కడే మా ఆవిడ అడ్డం వచ్చింది. వంటింట్లోంచే, "ఏమండీ, జడ్జీల జీతం మీద తీర్పు చెప్పేది జడ్జీలేనా? తన పచ్చారీ కొట్టులో తనే కొని, తనే ధర కట్టుకున్నట్టుంది" అంది. ఈ ప్రశ్నకు మా దగ్గర నిక్కచ్చి జవాబు లేదు. తన తగువు తను తీర్చుకోరాదు అన్నది న్యాయంలో మొదటి పాఠమే. కానీ వాళ్ళు కాకపోతే ఎవరు? గవర్నమెంటు. ఆ గవర్నమెంటే దేశంలోకెల్లా పెద్ద కక్షిదారు. మిల్లు యజమాని ఇంట్లో అద్దెకు దిగవద్దని ఒక మున్సిఫ్ కు చెప్పి, అంతకన్నా పెద్ద కక్షిదారు చెయ్యి చూస్తూ బతకమనడం ఎలాగ? రెండూ చెడ్డవే. ఆ రెండింట్లో జడ్జీలు బాహాటంగా, కారణాలు రాసి, పదిమందీ చదివేలా తేల్చుకోవడమే కాస్త నయం అనిపిస్తుంది. మా ఆవిడ ఒప్పుకోలేదు. పార్లమెంటు తనంత తాను చేయవలసిన పని చేయక కోర్టు నెత్తిన పడేసింది అంటే మాత్రం ఒప్పుకుంది.

తీర్పు రావడం వేరు, డబ్బు రావడం వేరు. అదీ చెప్పాలి. 2022 నాటి ఉత్తర్వులో బాకీలన్నీ 2023 జూన్ చివరికల్లా తీర్చమన్నారు. 2024 ఆగస్టు వచ్చేసరికి ఇంకా చెల్లించని రాష్ట్రాల చీఫ్ సెక్రటరీలను, ఫైనాన్సు సెక్రటరీలను కోర్టుకు పిలిపించవలసి వచ్చింది. పిలిచిన జాబితాలో మన ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది. జడ్జీలకే ఇన్ని వాయిదాలు పడితే, ఏలూరు మిత్రుడి అన్నయ్య పదిహేడేళ్ళు ఆశ్చర్యం కాదు. ఇది మా వాదానికి బలమో, ఆయన వాదానికి బలమో మేము చెప్పలేము.

ఇంత దూరాన ఉన్న మాకు ఈ గొడవెందుకని అడిగేవారుంటారు. 2019లో మాకు అవసరం పడింది. ఇదే వెస్ట్ బేలో ఒక మేడలో ఆఫీసు ఉన్న కంపెనీలో పని చేస్తున్నాము. పేరు అనవసరం. అయిదు నెలలు జీతాలు ఆగిపోయాయి. మొదటి నెల అణకువగా అడిగాము, రెండో నెల గట్టిగా అడిగాము, మూడో నెల నుంచి అడగడం మానేసి ఒకరి మొహాలు ఒకరం చూసుకోవడం మొదలుపెట్టాము. చివరికి పదకొండు మందిమి కలిసి కార్మిక వివాదాల కమిటీకి వెళ్ళాము. 2017 నాటి 13వ నంబరు చట్టం కింద పెట్టిన కమిటీలవి. 2018 నుంచి పని చేస్తున్నాయి. ప్రతి కమిటీకి మొదటి అంచె కోర్టు జడ్జీ ఒకరు అధ్యక్షులు, మంత్రిత్వ శాఖ సూచించినవారు ఇద్దరు సభ్యులు. మొదటి వాయిదా నుంచి మూడు వారాల్లో తేల్చాలన్నది చట్టం.

మా వైపు పదకొండు మంది, చేతిలో పాత పే స్లిప్పులు. అటువైపు కంపెనీ వకీలు, మెరిసే బూట్లు. జడ్జీగారి అరబ్బీ ఈజిప్టు యాసలో ఉందని మా దుబాసీ చెప్పాడు. అప్పుడు మా కరీంనగర్ మిత్రుడు చెవిలో మెల్లగా, "అన్నా, ఈ సారుకు వీసా ఎవరిచ్చిన్రే?" అన్నాడు.

ఆ మాట మమ్మల్ని అక్కడే కట్టిపడేసింది. మా నాన్నగారు ఆదివారం పూట రిజిస్టరు ముందేసుకుని వెతికినది ఆ ప్రశ్నకు జవాబే. ఈయన ఎవరి ఇంట్లో అద్దెకుంటున్నాడు? ఆయన కూడా మా లాగే కాంట్రాక్టు మీద వచ్చినవాడైతే, ఆ కాంట్రాక్టు మళ్ళీ రాసేది ఎవరు? ఇది మా ఒక్కరి అనుమానం కాదు. 2014 జనవరిలో ఇక్కడికి వచ్చిన ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి గాబ్రియేలా నాల్ గారు విదేశీ జడ్జీల ఉద్యోగ భద్రత గురించి ఇదే రకం ఆందోళన వెలిబుచ్చారు. జీతం ఎంత మంచిదైనా, అది ఎన్నాళ్ళు వస్తుందో తెలియకపోతే మనసులో ఒక మూల దడ ఉంటుంది. గల్ఫులో ఉన్న మనకు ఆ దడ ఒకరు వర్ణించి చెప్పనక్కర లేదు.

ఆ రోజు జరిగింది చెప్పకపోతే అన్యాయం అవుతుంది. జడ్జీగారు వకీలు చెప్పింది చాలాసేపు విన్నారు. విని, ఒక్క ప్రశ్న వేశారు: "ఈ అయిదు నెలలూ వీళ్ళు పనిలోకి వచ్చారా, రాలేదా?" వకీలు వచ్చారన్నాడు. "అయితే ఇంతసేపు మాట్లాడింది దేని గురించి?" అన్నారు. ఉత్తర్వు మా వైపే వచ్చింది. డబ్బు ఆ కంపెనీ నుంచి చేతికి రావడానికి మరి కొన్ని నెలలు పట్టింది, అది వేరే కథ. ఆయన కాంట్రాక్టు ఏమిటో, అసలు కాంట్రాక్టు ఉందో లేదో మాకు ఈనాటికీ తెలియదు. ఆయన మంచితనం మీద మా పదకొండు మంది బియ్యం ఆధారపడిందని మాత్రం తెలుసు. మంచితనం ఉన్నవాడు దొరికాడు. దొరకకపోతే?

అదే వెస్ట్ బేలో, ఖతార్ ఫైనాన్షియల్ సెంటర్ వారి మేడలో 2009 నుంచి ఇంకో కోర్టు కొలువు తీరింది. కంపెనీల పెద్ద తగవులకు. దానికి మొదటి అధ్యక్షులు ఇంగ్లండులో ప్రధాన న్యాయమూర్తిగా చేసి దిగిన లార్డ్ వుల్ఫ్. ఆయన తరువాత వచ్చినవారూ అటువంటివారే. తమ దేశంలో పించను ఖాయమైనవారు, ఇంటికి వెళ్ళినా జరుగుబాటుకు లోటు లేనివారు. వ్యాపారస్తులు నమ్మకానికి ఎటువంటివాణ్ణి వెతికి తెచ్చుకుంటారో చూడండి. ఆ ఇంగ్లండులో కూడా పించను ఏర్పాట్లు మార్చి చిన్న వయసు జడ్జీలకు అన్యాయం చేశారని జడ్జీలే గవర్నమెంటు మీద కేసు వేసి, 2018 డిసెంబరులో అప్పీలు కోర్టులో గెలిచారు. పించను దగ్గరకొచ్చేసరికి లార్డులూ మనుషులే.

మనవైపు పించను కథలోనూ ఒక తెలుగు పేరుంది. ప్లీడరు వృత్తిలోంచి నేరుగా హైకోర్టు జడ్జీ అయినవారు సాధారణంగా నడివయసులో వస్తారు, 62కి దిగిపోతారు. సర్వీసు ఏళ్ళు తక్కువ గనక పించనూ తక్కువ. కింది కోర్టు నుంచి మెట్టు మెట్టుగా ఎక్కి వచ్చినవారికి అదే కుర్చీ మీద ఎక్కువ. మన హైకోర్టులో జడ్జీగా చేసిన జస్టిస్ పి. రామకృష్ణంరాజుగారు దీని మీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2014 మార్చి 31న తీర్పు ఆయన వైపు వచ్చింది. ప్లీడరీ చేసిన పదేళ్ళను పించను లెక్కలో కలపాలన్నారు. 2016లో పార్లమెంటు దానికి తగినట్టు చట్టం మార్చింది. అయినా మడతలు మిగిలాయి. హైకోర్టులో చేసి దిగినవారికి కొందరికి నెలకు పది పదిహేను వేలే పించను వస్తోందని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టే నొచ్చుకుంది. ఏలూరు మిత్రుడు చదివిన పదమూడున్నర లక్షలు 2025 మే 19 నాటి తీర్పు: ఏ దారిన వచ్చినా, ఎన్నాళ్ళు చేసినా, హైకోర్టు జడ్జీగా దిగినవారందరికీ ఏడాదికి అంతే, ప్రధాన న్యాయమూర్తిగా దిగినవారికి 15 లక్షలు. ఎక్కువ అంటారా? కావచ్చు. కానీ రిటైరయ్యాక ఏం తింటాడో తెలిసిన జడ్జీ, రిటైరయ్యాక ఏ కమిషన్ పదవి ఇస్తారా అని గవర్నమెంటు గుమ్మం వైపు చూడకుండా ఉండడానికి ఒక సాకు తగ్గుతుంది. చూసేవాళ్ళు అప్పటికీ చూస్తారనుకోండి.

మా మున్సిఫ్ గారు సబ్ జడ్జీగా దిగిపోయారు. శెట్టి కమిషన్ తరువాత పించను పెరిగినప్పుడు నాన్నగారికి ఒక కార్డు రాశారు. బాకీ మొత్తం చేతికి వచ్చిందనీ, కంటి ఆపరేషను చేయించుకున్నామనీ, మీరు చూసిపెట్టిన ఇల్లు ఇప్పటికీ కలలోకి వస్తుందనీ రాశారు. ఆ కార్డు నాన్నగారి పెట్టెలో ఉంది.

ఆ ఇంట్లో ఆయన ఉన్నది పదకొండు నెలలే. 1975 వర్షాల్లో పక్కింటివాళ్ళు ప్రహరీ గోడ లేపి, ఆ విధవరాలి పెరడు జానెడు కలుపుకున్నారు. ఆవిడ ఏం చేస్తుంది? ఎవరో చెబితే ప్లీడరు దగ్గరకు వెళ్ళింది. దావా కాగితాలు కోర్టులో పడినది ఒక మంగళవారం. నాన్నగారు ఆ పేరు చూసి, లేచి వెళ్ళి మున్సిఫ్ గారికి చూపించారు. ఆయన ఒకసారి చదివి, దాన్ని వేరే కోర్టుకు పంపించమని జిల్లా జడ్జీగారికి ఉత్తరం రాయించారు. శుక్రవారం వానలోనే రెండు ఎడ్లబళ్ళు కట్టించి, లా రిపోర్టుల పెట్టెల మీద తాటాకులు కప్పి, సామాను మళ్ళీ ట్రావెలర్స్ బంగళాకు చేర్చారు. ఆవిడ గుమ్మంలో నిలబడి, నా వల్ల ఏం తప్పు జరిగింది నాయనా, అని ఏడ్చిందట. ఆ నెలలో మిగిలిన రోజుల అద్దె కూడా ఆవిడ చేతిలో పెట్టి, రసీదు తీసుకోమని నాన్నగారితో చెప్పి, ఆయన గొడుగు వేసుకుని కోర్టుకు నడిచి వెళ్ళారు. సోమవారం నుంచి నాన్నగారు మళ్ళీ కాగితం, పెన్సిలు తీసుకుని ఇళ్ళ వేటలో పడ్డారు.